ఎక్సలేటర్ ఇవ్వగానే తడబడే పాత బండి: రాయగడ, కోరాపుట్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

కింద చెప్పేదంతా కార్బొరేటర్ బండ్ల గురించే, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే పని కార్బొరేటర్ చేసే బండ్లు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 అనే పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయాయి, వాటి కథ వేరు. మన రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపూర్, కోరాపుట్ రోడ్ల మీద మాత్రం కార్బొరేటర్ బండి ఇంకా బతికే ఉంది. సంతకి కూరగాయల బస్తాలు మోసే స్ప్లెండర్, నాన్నగారి చేతక్, అమ్మబుద్ధి కాని ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్, మారుతి 800 అందరిళ్ల దగ్గరా కనిపిస్తూనే ఉన్నాయి. వీటిలో ఏది తడబడినా వినిపించే మొదటి మాట "కార్బొరేటర్ విప్పేద్దాం". నేనైతే దాన్ని చివరికి పెట్టమంటాను. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

తడబాటు, మిస్సింగ్ రెండూ ఒకటేనా?

కాదు. తడబడే బండి స్లోలో బాగానే ఆడుతుంది. గేరు వేసి ఎక్సలేటర్ తిప్పగానే మాత్రం చంటిపిల్లాడు గుక్క పట్టినట్టు ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. ఎక్కువైతే ఆ క్షణంలోనే ఆగిపోతుంది కూడా.

మిస్సింగ్ అలా కాదు. ఎక్సలేటర్ ఒకేచోట పట్టుకుని వెళ్తున్నా మధ్యమధ్యలో మంట తప్పుతూ ఉంటుంది. చాలాసార్లు ప్లగ్గు, ప్లగ్గు క్యాప్, కాయిల్ వైపు తేలుతుంది. ఇక "బండి లాగడం లేదు" అని వచ్చే కేసుల్లో కొన్ని అసలు ఇంజిన్ సంగతే కావు. వెనక బ్రేకు పట్టేసి ఉంటుంది, లేదా క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగకపోతే ముందు ఆ పని చూసుకోండి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే అది క్లచ్.

తిప్పిన క్షణంలోనే ఎందుకు తడబడుతుంది?

గాలి తేలిక, పెట్రోలు బరువు. ఎక్సలేటర్ తెరిచిన మరుక్షణం గాలి లోపలికి దూసుకెళ్తుంది. పెట్రోలు జెట్టులోంచి, అంటే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్కలోంచి, పైకి లేచి, తుంపరగా మారి, గాలితో కలిసేసరికి కొంచెం ఆలస్యం అవుతుంది. ఆ సందులో సిలిండర్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువగా వెళ్తుంది. మెకానిక్కులు దీన్నే లీన్ అంటారు. లీన్ మిశ్రమం సరిగ్గా మండదు.

ఈ లోటు ప్రతి కార్బొరేటర్‌లోనూ ఉంటుంది, కాబట్టి తయారుచేసిన వాళ్లే దానికి మందు కూడా పెట్టారు. కార్లలో ఎక్సలేటర్ నొక్కగానే అదనంగా ఒక చుక్క చిమ్మే పంపు ఉంటుంది. బైకుల్లో ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచి గాలిదారి తెరిచే స్లైడు ఉంటుంది, దాని కింద అంచుని ఏటవాలుగా కోస్తారు. కొన్ని బైకుల్లో రబ్బరు డయాఫ్రమ్ స్లైడుని నెమ్మదిగా పైకి లేపుతుంది. మీ బండి కొత్తగా తడబడటం మొదలెట్టిందంటే ఈ ఏర్పాటు పాడై ఉండాలి, లేదా పెట్రోలు అసలే తక్కువగా వస్తూ ఉండాలి, లేదా ఎక్కడో దొంగగాలి దూరుతూ ఉండాలి. మొదటిది కార్బొరేటర్ లోపలి పని. మిగతా రెండింటి మూలం చాలాసార్లు బయటే ఉంటుంది.

కార్బొరేటర్ విప్పకముందు ఏమేం చూడాలి?

పెట్రోలు ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. ట్యాంకు మూతలో గాలి వెళ్లే సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ము, తుప్పు పట్టి అది మూసుకుపోతే కొంతదూరం బాగానే వెళ్లి, తర్వాత తడబడి, ఆగిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. అలా ఆగినప్పుడు మూత తీయండి. 'స్స్' అని గాలి లోపలికి పీల్చుకుని వెంటనే బండి మామూలైపోతే దొంగ దొరికినట్టే.

తర్వాత పైపు. కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు పీకి సీసాలో పెట్టి, ట్యాంకు కింద పెట్రోలు వదిలే కాక్ తిప్పండి. ధార తెగకుండా రావాలి. చుక్కలుగా వచ్చినా, మొదట బాగా వచ్చి తర్వాత సన్నబడినా కాక్ లోపలి జాలీ తుప్పుతో నిండిందన్నమాట. కొన్ని బండ్లకి ఇంజిన్ పీల్పుతో తెరుచుకునే కాక్ ఉంటుంది, అది ఇంజిన్ ఆడకుండా పెట్రోలు వదలదు. అలాంటిది చూసి పాడైందనుకోకండి. ఇంకో సంగతి. కారుకి పెట్టే పెద్ద ప్లాస్టిక్ ఫిల్టరు తెచ్చి బైకు పైపు మధ్యలో తగిలించడం ఈమధ్య అలవాటైంది. బైకుకి ట్యాంకు నుంచి పెట్రోలు తోసే పంపు ఉండదు, పెట్రోలు తనంతట తాను కిందికి దిగాలి. ఆ ఫిల్టరు అడ్డం పడి, ఎత్తు ఎక్కేటప్పుడే సరిగ్గా పెట్రోలు అందదు. కావాలంటే బైకులకే దొరికే చిన్నది వేసుకోండి. అసలు కాక్ జాలీ బాగుంటే అదీ అక్కర్లేదు.

మూడోది ఎయిర్ ఫిల్టర్. మన గనుల లారీలు తిరిగే రోడ్ల ఎర్రదుమ్ముకి ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది. అప్పుడు గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది, పొగ నల్లగా వస్తుంది. కానీ "ఫిల్టరు లేకుండా నడిపితే పికప్ బాగుంటుంది" అనే సలహా మాత్రం వినకండి. ఆ దుమ్ము పిస్టన్ రింగుల్ని తినేస్తుంది, కార్బొరేటర్ లెక్క కూడా తప్పుతుంది.

నాలుగోది ప్లగ్గు. పాత బుల్లెట్టు, అంబాసిడర్ లాంటివాటిలో ప్లగ్గుకి నిప్పురవ్వ అందించే పాయింట్లు కూడా. పాయింట్ల సందు సాధారణంగా 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. అది మూసుకుపోయినా, కండెన్సర్ బలహీనపడినా బండి అచ్చం కార్బొరేటర్ జబ్బులాగే నటిస్తుంది. ప్లగ్గు మార్చి చూడటానికి పట్టే సమయం, డబ్బు రెండూ తక్కువే.

దొంగగాలిని ఎలా పట్టుకోవాలి?

కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఒక రబ్బరు గొట్టమో, గాస్కెట్ వేసిన అతుకో ఉంటుంది. ఎండకి రబ్బరు బీటలిస్తుంది, నట్లు వదులవుతాయి. అక్కడ దూరిన గాలికి పెట్రోలు తోడు ఉండదు. దీని గుర్తులు రెండు. స్లో స్పీడు ఒకచోట నిలవదు, ఎక్సలేటర్ వదిలినా మోత వెంటనే దిగదు.

ఇంజిన్ స్లోలో ఆడుతుండగా ఆ అతుకుల మీద నీళ్ల స్ప్రే సీసాతో సన్నగా తుంపర కొట్టండి. మోత మారిందంటే గాలి అక్కడే దూరుతోంది. చాలామంది పెట్రోలుతోనో కార్బొరేటర్ క్లీనర్‌తోనో ఈ పరీక్ష చేస్తారు. ఫలితం ఇంకా స్పష్టంగా ఉంటుంది, నిజమే. పక్కనే కాలుతున్న సైలెన్సర్ ఉందన్న సంగతి మర్చిపోతారు. నీళ్లు చాలు.

బీటలిచ్చిన గొట్టానికి ట్యూబు ముక్క చుట్టి, ఎమ్-సీల్ రాసి నడిపేవాళ్లు ఉన్నారు. ఇంటికి చేరడానికి సరే. తర్వాత మార్చేయండి.

ఎక్సలేటర్ ఎంత తిప్పితే తడబడుతోందో చూడమంటారు. దానివల్ల లాభం ఏమిటి?

లాభం అంతా అందులోనే ఉంది. స్లైడు రకం కార్బొరేటర్‌లో ఒక్కో దూరానికి ఒక్కో భాగం బాధ్యత తీసుకుంటుంది. హ్యాండిల్ పిడి మీద తెల్లటి టేపు ముక్క అతికించండి. ఎక్సలేటర్ పూర్తిగా మూసినప్పుడు, పావు, సగం, ముప్పావు, పూర్తిగా తెరిచినప్పుడు టేపు ఎక్కడికి వస్తుందో స్విచ్చుల డబ్బా మీద గీతలు పెట్టుకోండి. ఇక ఖాళీ రోడ్డు మీద నడిపి చూడండి.

మూసి ఉన్న దగ్గర్నుంచి పావు వంతు లోపల తడబడితే స్లోలో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టు, దాని మార్గాలు, ఆ మిశ్రమాన్ని సర్దే గాలి స్క్రూ. కాస్త తెరిచిన దగ్గర్నుంచి సగం దాకా స్లైడు కోత ప్రభావం ఉంటుంది. అది అరిగినా, స్లైడు తిరగేసి పెట్టినా ఇక్కడే తేడా కొడుతుంది. పావు నుంచి ముప్పావు దాకా స్లైడు కింద వేలాడే సూది, సూది దిగే గొట్టం. ముప్పావు దాటాక మెయిన్ జెట్టు. ఇవి గీత గీసినట్టు విడిపోవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. అయినా వెతికే చోటు తేలిపోతుంది.

మన దగ్గరికి వచ్చే పాత బండ్లలో ఎక్కువ భాగం మొదటి పావులోనే తడబడతాయి. పైలట్ జెట్టు రంధ్రం అన్నిటికన్నా సన్నం, మూసుకుపోవడంలో కూడా అదే ముందుంటుంది. అలాంటి బండికి మెయిన్ జెట్టు పెద్దది వేస్తే ఏం ఒరుగుతుంది? పెట్రోలు తాగడం పెరుగుతుంది, తడబాటు అలాగే ఉంటుంది.

లీనో రిచ్చో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

చోక్ మీకు చెప్పేస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, తడబడే చోట చోక్ కొద్దిగా లాగి మళ్లీ ఎక్సలేటర్ ఇవ్వండి. తడబాటు తగ్గితే పెట్రోలు తక్కువ వస్తోంది. ఇంకా ఎక్కువైతే పెట్రోలు ఇప్పటికే ఎక్కువగా ఉంది, అదే రిచ్. ఇంత తేలికైన పరీక్ష ఉండగా ఊహలెందుకు?

చెవికి కూడా కొంత తెలుస్తుంది. తిప్పగానే కార్బొరేటర్ నోట్లోంచి 'ఫట్'మని తుమ్మితే లీన్. గొంతు బరువుగా గరగరమంటూ సైలెన్సర్ నుంచి నల్లపొగ, పెట్రోలు వాసన వస్తే రిచ్. ప్లగ్గు విప్పి చూస్తే పింగాణీ లేత కాఫీ రంగులో ఉండాలి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లీన్, పొడి మసి పేరుకుంటే రిచ్. తడిగా జిడ్డుగా ఉంటే నూనె పైకి వస్తోంది, దానికి కార్బొరేటర్ ఏం చేయలేదు. స్లోలో చాలాసేపు నిలబెట్టి విప్పిన ప్లగ్గు రంగుని మాత్రం నమ్మకండి. కొంతదూరం మామూలుగా నడిపి, ఇంజిన్ ఆపేసి అప్పుడు విప్పండి. వేడి ప్లగ్గు కదా, చెయ్యి జాగ్రత్త.

సాలూరులో బాగుంటుంది, సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి చేరేసరికి లాగదు. కార్బొరేటర్ చెడిందా?

చెడి ఉండకపోవచ్చు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. సాలూరు నుంచి చూస్తే 700 మీటర్లకు పైగా ఎక్కుతున్నాం. అంత ఎత్తులో గాలి సాంద్రత 7 శాతం దాకా తగ్గుతుంది, ఇంజిన్ బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. దీన్ని ఏ జెట్టూ తిరిగి తీసుకురాలేదు. పైగా బండి మీద ఇద్దరు, సంచులు, ఎత్తు రోడ్డు. థర్డ్ గేరులో ఎక్కే చోట సెకండ్ వేయాల్సి రావడం జబ్బు కాదు.

మిశ్రమం సంగతి వేరు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, జెట్టు పెట్రోలుని అంత తగ్గించదు. కాబట్టి మిశ్రమం మూడు, నాలుగు శాతం రిచ్ అవుతుంది. బాగా ట్యూన్ చేసిన బండికి అది పెద్ద లెక్క కాదు. కింద ఉన్నప్పుడే రిచ్‌గా ఉన్న బండి, ఫిల్టరు మూసుకుపోయిన బండి, చోక్ పూర్తిగా వెనక్కి రాని బండి పైకెళ్లాక బొంగురుపోతాయి. అలాంటప్పుడు ఘాట్ మధ్యలో స్క్రూ తిప్పకండి. ఫిల్టరు శుభ్రం చేసి, చోక్ తీగ వదులు చూసి మళ్లీ ఎక్కించండి.

బండి ఎప్పుడూ సిమిలిగుడ, కోరాపుట్, జయపూర్ మధ్యే తిరిగేదైతే అక్కడే ట్యూన్ చేయించుకోండి. విజయనగరంలో సర్వీసు చేయించి పైకి తెచ్చాక "సరిగ్గా చేయలేదు" అనడం ఆ మెకానిక్‌కి అన్యాయం.

ఇథనాల్ పెట్రోలు వచ్చాకే ఇలా అయిందంటున్నారు. నిజమేనా?

కొంత నిజం, కొంత దాని నెత్తిన రుద్దడం. పెట్రోలులో ఇథనాల్ దేశవ్యాప్తంగా 2022లో 10 శాతానికి, 2025కి 20 శాతానికి చేరింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే 20 శాతం కలిసిన పెట్రోలుకి లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ దాన్ని గమనించి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, పాత జెట్టు పాత లెక్కే ఇస్తుంది. ఫలితంగా మిశ్రమం 8 శాతం దాకా లీన్ అవుతుంది. అంతకుముందు అంచున ఉన్న బండి ఇప్పుడు తడబడుతుంది.

తమాషా ఏమిటంటే ఘాట్ ఎక్కితే రిచ్, ఇథనాల్‌తో లీన్. కోరాపుట్‌లో ఈ రెండూ కొంత ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. అదే బండి బరంపురం లాంటి సముద్రతీరపు ఊళ్లో ఎక్కువ తడబడవచ్చు.

దీనికి పెద్ద వైద్యం అక్కర్లేదు. అన్నీ శుభ్రంగా ఉన్నాయని తేలాక కూడా చోక్ పరీక్షలో లీన్ అనే వస్తే గాలి స్క్రూ కొంచెం సర్దడం, చాలకపోతే పైలట్ జెట్టు ఒక సైజు పెంచడం. మధ్య దూరంలో లీన్ అయితే సూది క్లిప్పుని ఒక గాడి కిందికి మార్చండి. క్లిప్పు దిగితే సూది పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది.

రబ్బరు సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి పైపులు, ఓ రింగులు, ఫ్లోట్ సూది కొసలు ఇథనాల్‌కి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తర్వాత పగుళ్లిస్తాయి. కొత్తవి ఇథనాల్ తట్టుకునేవే కావాలని అడిగి కొనండి.

దారిలో సీసా పెట్రోలు పోయించుకున్నాక మొదలైంది. సంబంధం ఉందా?

బాగా ఉంది. లోపలి ఊళ్లలో బంకు దూరం, కొట్లో సీసా పెట్రోలే దిక్కు అవుతుంది. ఎండలో వేలాడదీసిన సీసాలో తేలికగా ఆవిరయ్యే భాగం పోతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి, పికప్‌కి కావాల్సింది అదే. కిరోసిన్ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

వడపోత కాగితం మీద ఒక చుక్క వేయండి. మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోతుంది. జిడ్డు మరక మిగిలితే కల్తీ ఉందని అనుమానించాలి. బంకులో ఈ పరీక్షకి కాగితం అడిగే హక్కు కొనేవాళ్లకి ఉంది.

వర్షాకాలంలోనే తడబడుతుంది, ఎండ కాస్తే మామూలే. ఎందుకు?

నీళ్లు. ట్యాంకు మూత రబ్బరు పాడైతే వాన నేరుగా దిగుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కాబట్టి కార్బొరేటర్ కింద పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున చేరతాయి. జెట్టు పీల్చేది కూడా అడుగు నుంచే. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటాక ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి.

గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టండి. వెలుగుకి పెట్టి చూస్తే కింద రంగులేని బుడగలు గ్లాసు వంచిన వైపుకి దొర్లుతుంటాయి. అవి నీళ్లు. ట్యాంకు కూడా దింపి ఖాళీ చేయాలి, గిన్నె ఒక్కటే దులిపితే సాయంత్రానికి మళ్లీ వస్తాయి. నీళ్లు లేకపోయినా వానలో తడబడితే ప్లగ్గు క్యాప్, వైరు పగుళ్లు చూడండి. చీకట్లో ఇంజిన్ ఆడిస్తే వైరు మీద నీలం నిప్పురవ్వలు కనిపిస్తాయి.

సరే, విప్పక తప్పదని తేలింది. ఎలా శుభ్రం చేయాలి?

ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా. ముందు కాక్ మూసి, డ్రెయిన్ స్క్రూతో గిన్నె ఖాళీ చేయండి. కింద తెల్లటి గుడ్డ పరుచుకోండి. కార్బొరేటర్‌లోంచి జారే స్ప్రింగులు, ఓ రింగులు ఎర్రమట్టిలో పడితే దొరకవు.

గాలి స్క్రూ తీసేముందు దాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ, ఆగేదాకా ఎన్ని చుట్లు పట్టిందో కాగితం మీద రాసుకోండి. గట్టిగా బిగిస్తే దాని కొస, కూర్చునే చోటు రెండూ పాడవుతాయి. ఈ అంకె లేకపోతే మళ్లీ మొదట్నుంచి వెతుక్కోవాలి.

గిన్నె స్క్రూలు చాలా మెత్తటివి. సరిపడే స్క్రూడ్రైవర్ లేకపోతే తల అరగదీసేస్తారు, తర్వాత డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది. గిన్నె ఊడాక అడుగున చూడండి. పాత పెట్రోలు ఎండి జిగురుగా, గోధుమరంగు పొరలా అంటుకుని ఉంటుంది. పైలట్ జెట్టుని ఊడదీసి ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. సూదిమొన అంత గుండ్రటి వెలుగు కనిపించాలి. వెలుగు కనిపించకపోయినా, ఒక వైపు చిదిమినట్టు వంకరగా ఉన్నా మూసుకుపోయిందనే. గుండుసూది, ఇనప తీగ పెట్టి పొడవకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు. జెట్టుని క్లీనర్‌లో నాననిచ్చి, తర్వాత పంచర్ షాపు గాలితో ఊదండి.

ఊదేముందు ఫ్లోటు, దాని సూది, రబ్బరు భాగాలు, డయాఫ్రమ్ అన్నీ బయటికి తీసేయాలి. క్లీనర్ రబ్బరుని ఉబ్బిస్తుంది. జెట్టు ఒక్కటే శుభ్రం చేసి బిగించేయడం చాలామంది చేసే పని. జెట్టు నుంచి పైకి వెళ్లే సన్నటి దారి, స్లైడు దగ్గర తెరుచుకునే చిన్న చిన్న రంధ్రాలు మూసుకుని ఉంటే మొదటి పావు తడబాటు అలాగే మిగులుతుంది. ఒక రంధ్రంలో క్లీనర్ కొడితే మరో వైపు నుంచి చిమ్మాలి. ఆ చిమ్మడం మీ కళ్లతో చూడండి, మీ కంట్లో పడకుండా.

గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని సరిచూసే ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే పెట్రోలు దూరింది, అది మునిగిపోయి గిన్నె పొంగుతుంది. సూది కొస మీద చుట్టూ గాడి పడి ఉంటే మార్చాలి.

గాలి స్క్రూ ఎటు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది?

స్క్రూ ఎక్కడుందో దాన్ని బట్టి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే గాలి తగ్గి రిచ్ అవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే చాలావరకు పెట్రోలు స్క్రూ, లోపలికి తిప్పితే లీన్. ఈ తేడా చూడకుండా "అరచుట్టు బయటికి తిప్పు" అని ఫోన్‌లో చెప్పే సలహా సగం బండ్లని పాడుచేస్తుంది.

ఇంజిన్ వేడెక్కాక, స్లో స్పీడు కొంచెం పెంచి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ మోత అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపండి. తర్వాత స్లో స్పీడు తగ్గించండి. స్క్రూ పూర్తిగా మూసినా, నాలుగైదు చుట్లు తెరిచినా తేడా లేకపోతే సర్దడం ఆపేయండి. పైలట్ దారి మూసుకుని ఉంది, లేదా జెట్టు సైజు తప్పు.

తర్వాత పొల్యూషన్ చెకింగ్ బండి దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అంకె అడిగి తెలుసుకోండి. 2000 మార్చి తర్వాత తయారైన, బీఎస్4 కన్నా పాత బైకుకి స్లోలో 3.5 శాతం హద్దు, అంతకుముందు వాటికి 4.5. హద్దు దగ్గరగా కొడుతుంటే రిచ్‌గా ఉన్నట్టు. సర్టిఫికెట్‌కి ఇచ్చే డబ్బుకి ట్యూనింగ్ రీడింగ్ కూడా దొరికినట్టే.

మా మారుతి 800 సిగ్నల్ దగ్గర కదిలించగానే ఆగిపోతుంది. ఇదీ అదేనా?

కార్బొరేటర్ ఉన్న 800 అయితే ముందు ఎక్సలేటర్ నొక్కగానే చుక్క చిమ్మే ఆ పంపు చూడండి. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేసి ఎక్సలేటర్ లివర్‌ని చేత్తో కదిపి చూడండి. కదిపిన మరుక్షణం సన్నటి ధార గొంతులోకి చిమ్మాలి. ఆలస్యంగా కారినా, అసలు రాకపోయినా పంపు డయాఫ్రమ్ చిరిగింది, లేదా నాజిల్ మూసుకుపోయింది. సగం రోజు పని, ఖరీదైన వస్తువేమీ కాదు.

ధార బాగుంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న వాక్యూమ్ డబ్బా చూడండి. దానికి వెళ్లే రబ్బరు గొట్టం ఊడదీసి నోటితో పీలిస్తే లోపల ప్లేటు కదలాలి, పీల్పు నిలవాలి. గాలి వచ్చేస్తుంటే డయాఫ్రమ్ పోయింది, ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు టైమింగ్, అంటే ప్లగ్గు మండించే వేళ, ముందుకి జరగదు. కార్బొరేటర్ ఎన్నిసార్లు విప్పినా ఈ తడబాటు పోదు.

డయాఫ్రమ్ ఉన్న బైకుకి ఇదంతా వర్తిస్తుందా?

చాలావరకు. అదనంగా పై మూత తీసి డయాఫ్రమ్‌ని వెలుగుకి పెట్టి చూడండి, చిన్న చిల్లు ఉన్నా స్లైడు పైకి లేవదు. ఎయిర్ ఫిల్టర్ గొట్టం ఊడదీసి స్లైడుని వేలితో ఎత్తి వదిలితే సాఫీగా, నెమ్మదిగా దిగాలి. తిరిగి బిగించేటప్పుడు డయాఫ్రమ్ అంచు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే మూత కింద నలిగి కొత్తది కూడా చిరుగుతుంది.

ఆర్‌ఎక్స్ 100, చేతక్ లాంటి టూ స్ట్రోక్ బండ్లకి తేడా ఏమైనా ఉందా?

రెండు తేడాలు. ఆర్‌ఎక్స్‌లో కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రీడ్ వాల్వు ఉంటుంది, పలచటి రేకులతో మిశ్రమాన్ని లోపలికే వెళ్లనిస్తుంది. దాని రేకుల కొస విరిగినా, మూసినప్పుడు సందు కనిపించినా తక్కువ వేగంలో పికప్ చచ్చిపోతుంది. రెండోది సైలెన్సర్ మసి. నూనె కాలి పేరుకున్న మసితో పొగ బయటికి పోక బండి బిగుసుకుపోతుంది.

టూ స్ట్రోక్‌ని లీన్‌గా నడపడం మాత్రం ప్రమాదం. దాని పిస్టన్‌కి నూనె పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది, అదే సీజ్ అవడం. మైలేజీ కోసం జెట్టు తగ్గించేవాళ్లకి కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది.

కొత్త కార్బొరేటర్ వేసేస్తే పోదా?

బాడీ పగిలినా, స్లైడు జారే గొంతు అరిగి స్లైడు గలగలలాడినా మార్చాల్సిందే. అంతకుమించి తొందరపడొద్దు. మార్కెట్లో దొరికే చౌక కార్బొరేటర్లలో జెట్టు మీద రాసిన నంబరుకీ లోపలి రంధ్రానికీ పొంతన ఉండదు. పాత అసలు కార్బొరేటర్‌కి గాస్కెట్లు, ఫ్లోట్ సూది, జెట్ల కిట్ వేయిస్తే అంతకన్నా బాగా నడుస్తుంది. రాయగడ, జయపూర్‌లో దొరకని సామాను విజయనగరంలోనో బరంపురంలోనో దొరుకుతుంది. లేతు పని అయితే సాలూరు. లారీల ఊరు కాబట్టి చేయి తిరిగిన వాళ్లున్నారు. పాత జెట్టు జేబులో వేసుకుని వెళ్లండి, నంబరు నోటితో చెబితే వేరే కంపెనీది చేతిలో పెడతారు.

బండి నెలల తరబడి ఆపాలి. మళ్లీ ఇది రాకుండా ఏం చేయాలి?

కాక్ మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా ఆడించండి. తర్వాత డ్రెయిన్ స్క్రూ తీసి గిన్నెలో మిగిలిన చుక్కలు కూడా వదిలేయండి. ఇనప ట్యాంకుని నిండుగా ఉంచండి, ఖాళీ ఎక్కువైతే లోపల చెమ్మ పట్టి తుప్పు రాలుతుంది. బండి మళ్లీ బయటికి తీసినప్పుడు ఆ పాత పెట్రోలు మీదే కొత్తది పోయకుండా, ముందు కాక్ దగ్గర కొంచెం సీసాలోకి పట్టి రంగు, వాసన చూసుకోండి.